పుట్టింటి కోడి

పోయిన వారం మదనపల్లె సంతలో ఒకామె పెట్టకోడిని రెండు కాళ్లూ పట్టుకుని వెల్లకిలా తిప్పి, పొట్ట మీది ఈకల్లోకి ఉఫ్ మని ఊదింది. ఈకలు పాయగా విడిపోయి లోపలి చర్మం కనిపించింది. ఒక్క చూపు చూసి, "దీనికి కొవ్వు లేదప్పా, ఇంకోటి సూపియ్యి" అని కోడిని తిరిగి ఇచ్చేసింది. చర్మం కింద పచ్చగా కనిపిస్తే కొవ్వు పట్టిన కోడి, లేకపోతే బక్కకోడి. సంతలో కోడి కొనేవాళ్లు చాలామంది చేసే పనే. నేను మాత్రం కూరగాయల సంచితో దారికి అడ్డంగా నిలబడిపోయాను. వెనకనుంచి ఎవరో "జరుగమ్మా" అన్నారు. అలా ఊది చూడటం నాకు మొదట చూపించిన పెద్దమ్మ పోయి అప్పటికి ఇరవై రోజులు. రెండు రోజుల జ్వరం, అంతే. కబురు తెలిసిన రోజు రాని ఏడుపు ఆ రోజు సంతలో, టమాటా గంపల మధ్య వచ్చింది.

ఆమె నాకు చుట్టం కాదు. సోమల దగ్గర ఒక పల్లెలో కోళ్లు పెంచుకునే మనిషి. నేను అప్పట్లో పశువైద్యంలో పై చదువు చదువుతున్నాను. నాటుకోడి ఎందుకు నిదానంగా ఎదుగుతుంది, ఫారం కోడి ఎందుకు నలభై రోజులకే కొవ్వెక్కి కూర్చుంటుంది, ఆ తేడా ఏ జన్యువుల్లో ఉంది అన్నది నా పరిశోధన. ఆ పని మీద మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పల్లెలన్నీ స్కూటర్ మీద తిరిగాను. కోడిని తూకం వేయడం, రెక్క కింది నరం నుంచి రెండు చుక్కల రక్తం తీయడం, ఇంటివాళ్ల చేత తిట్లు తినడం, ఇదీ నా దినచర్య.

మొదటిసారి ఆమె వాకిట్లో బండి ఆపి, "అవ్వా, కోళ్లు ఉన్నాయా?" అని అడిగాను.

"యావరికమ్మా అవ్వ? పండ్లన్నీ ఉండాయి సూడు" అని నోరు బార్లా తెరిచి చూపించింది. నిజమే, అన్నీ ఉన్నాయి. నా పళ్ల కంటే వరసగా కూడా ఉన్నాయి. అప్పటినుంచి పెద్దమ్మా అని పిలిచాను.

రక్తం అనగానే ఒప్పుకోలేదు. "కోడికి ఉండేదే గుక్కెడు. అది గూడా నీకేనా?" అంది. రెండు చుక్కలే అని వేలి మీద చూపించాక బేరానికి దిగింది. "సరే, రెండు సుక్కలు నీకిస్తా. నాకేమిస్తావు?"

"ఏం కావాలి పెద్దమ్మా?"

"మా అమ్మ కోడి అసలైన నాటుదని కాగితం మీద రాసియ్యి. సీలు ఉండాల."

సరే అన్నాను. ఇంత తేలిగ్గా నేను ఎవరికీ మాట ఇవ్వలేదు. ఎందుకంటే నాకు కావలసినవీ అవే. ఏ ఊరికి పోయినా కోళ్లలో ఎక్కడో ఒకచోట ఫారం రక్తం కలిసి ఉంటుంది. కలవని నాటుకోళ్లు దొరక్క అప్పటికే కాళ్లరిగేలా తిరిగి ఉన్నాను. ఈమె ఇంట్లో దొరికాయని సంబరపడ్డాను.

తన కోళ్లను ఆమె ఎప్పుడూ "నా కోళ్లు" అనేది కాదు. "మా అమ్మ కోళ్లు" అనేది. పెళ్లయి పుంగనూరు పక్కనుంచి ఈ ఊరికి వస్తుంటే, ఎద్దులబండి కదిలాక వాళ్ల అమ్మ పరుగున వచ్చి గంపలో ఉన్న పొదుగు కోడిని తీసి ఈమె ఒళ్లో పడేసిందట. "గద్దను తరిమే కోడి అది. మా అమ్మకు ప్రాణం. నాకిచ్చేసె. ఆ కోడి పోయి పోయి మా ఆయన కొత్త పంచె మీదనే రెట్ట ఏసె" అని ప్రతిసారీ అక్కడికి వచ్చేసరికి నవ్వేది. ఆ కథ నేను పదిసార్లైనా విన్నాను. ఒక్క మాట అటూ ఇటూ అయ్యేది కాదు. ఇప్పుడున్న కోళ్లన్నీ ఆ పెట్ట సంతానమేనని ఆమె గర్వం.

ఆ వంశాన్ని కాపాడటానికి ఆమె పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. తలుపు పక్కన ఎప్పుడూ ఒక తంగేడు బరిక ఉండేది. పక్కింటి పుంజు గోడ మీద కాలు పెడితే చాలు, తింటున్న ముద్ద వదిలేసి లేచేది. "దాని తాత యావరో దాని అయ్యకే తెలీదు. ఈడికొచ్చి సంబంధం కలుపుకుంటాదంట" అని దాన్ని వీధి చివరిదాకా తరిమి వచ్చేది. పంచాయతీలో పెరటికోళ్ల పేరుతో సంకరజాతి పిల్లల్ని పంచినప్పుడు ఊరంతా తీసుకుంటే ఈమె ఒక్కతే వద్దంది. అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని కోడలు నా ముందే విసుక్కుంది.

నా తూకం యంత్రం మీద ఆమెకు గౌరవం లేదు. కోడిని అరచేతిలో ఒకసారి ఎగరేసి, "ఒకటీ ముక్కాలు కేజీ" అనేది. యంత్రం కాస్త అటూ ఇటూగా చెబితే యంత్రాన్నే అనుమానంగా చూసేది. ఒకసారి నేను కోళ్లు మేత తిన్నాక తూస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇప్పుడు తూస్తే ఎట్లమ్మా? కోడి తూకం రాసుకుంటాండావా, నూకల తూకమా?" నా పరిశోధనకు గైడుగా ఉన్న మా సారు ఆరు నెలలుగా నాకు చెబుతున్న విషయమే అది. ఆ మర్నాటినుంచి పొద్దున్నే ఖాళీ కడుపుతో తూచడం మొదలుపెట్టాను.

పొదగేయడానికి గుడ్లు కావాలంటే ఆ చుట్టుపక్కల అందరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. కురబలకోట నుంచి కూడా వచ్చేవాళ్లు. గుడ్లకు ఏమీ తీసుకునేది కాదు. ఎప్పుడూ బేసి లెక్కే ఇచ్చేది, తొమ్మిదో పదకొండో. కోడి కొత్తగా పెట్టే గుడ్డు వాటిలో కలవకుండా ఒక్కోదాని మీద బొగ్గుతో గీత గీసి, ఎండకు ఎత్తి చూసి, వచ్చిన ఆమె కొంగులో పోసేది. ఆ పని చేసేటప్పుడు ఆమె ముఖం చూడాలి. గుడికి పోయి వచ్చినదానిలా ఉండేది.

వాకిట్లో ఒక మూల బోర్లించిన గంప ఒకటి ఉండేది, దాని మీద రాయి. "అందులో ఏముంది?" అంటే "పొదుగు కోడి, కదిలించొద్దు" అనేది. రెండేళ్లు ఆ గంప అక్కడే ఉంది. ఏ కోడీ రెండేళ్లు పొదగదు. కోడి జన్యువులు చదివిన నాకు ఆ సంగతి తట్టలేదు.

రక్తం పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు మా సారు నన్ను పిలిచి కంప్యూటర్ తెర చూపించారు. ఒక్కో కోడి ఒక్కో చుక్క. ఫారం కోళ్ల చుక్కలన్నీ ఒక మూల గుంపుగా ఉన్నాయి. నాటుకోళ్లవి ఇంకో మూల. పెద్దమ్మ కోళ్లలో కొన్ని ఆ గుంపులో ఉన్నాయి, కొన్ని అక్కడినుంచి బయటికి వచ్చి ఫారం వైపు సగం దూరం నడిచి ఆగిపోయాయి. "ఈ మంద పనికిరాదు. కలిసిపోయింది" అన్నారు సారు. నేను రెండోసారి పరీక్ష చేయించాను. అవే చుక్కలు, అక్కడే.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను సోమల వైపు పోలేదు. పోవలసిన పని ఉన్నా కుప్పం వైపు పెట్టుకున్నాను. ఆమె కోడలు ఫోన్ చేసి "కాగితం అయిందా అని మా అత్త అడగతాండాది" అంటే, ఇంకా సీలు పడలేదని చెప్పాను. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాను. ఆ మనిషికి ఉన్న ఒకే ఒక్క గొప్ప అది. దాన్ని నా నోటితో ఎలా తీసేయను?

చివరికి ఆమే ఫోన్ తీసుకుంది. "రా అమ్మా. కాగితం లేకపోయినా రా" అంది.

పోయాను. వాకిట్లో కూర్చుని రాగులు చెరుగుతోంది. చేట పక్కన పెట్టింది. "ఇన్నాళ్లు తేలేదంటే అది తప్పిందని నాకు అర్థమాయె. సెప్పు."

"నీ కోళ్లలో కొన్నింటికి ఫారం కోడి రక్తం ఉంది పెద్దమ్మా."

యంత్రాన్ని తిడుతుందనుకున్నాను. నన్ను తిడుతుందనుకున్నాను. ఆమె లేచి పోయి, గంప మీది రాయి తీసి, గంప ఎత్తింది. అందులో పొదుగు కోడి లేదు. తెల్లటి కోడిపిల్లలు నాలుగు, కాస్త ఎదిగినవి, వెలుతురుకు కళ్లు చికిలించి చూశాయి. ఆ ఊళ్లో పెట్టలు ఎర్రవీ నల్లవీ. ఫారం పుంజు తెలుపు మొదటి తరంలో దాక్కుని, ఆ తర్వాతి తరంలో బయటికి వస్తుంది. ఇది మా మొదటి సంవత్సరం పాఠం.

"తెల్లవి పుట్టినప్పుడల్లా, నువ్వొచ్చేసరికి ఈ గంప కింద దాస్తాంటి" అంది. గంప మళ్లీ బోర్లించలేదు. వాటిని వదిలేసి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"కరోనా వచ్చిన యేడు. కోడి తింటే జబ్బు వస్తాదని పుకారు పుట్టె గదా. వి.కోటలో మా చెల్లెలింటికి పోయి ఆటోలో వస్తాంటి. దావలో ఒక ఫారం కాడ గుంత తీసి పిల్లల్ని పోస్తాండారు. పసుపు ముద్దల మాదిరి పిల్లలు, పానంతోనే. కొనేవాడు లేడు, మేతకు దుడ్లు లేవు, ఆ రైతుకు మాత్రం ఏం తోస్తాది? ఆటో ఆపమని దిగితి. ఏడు పిల్లల్ని కొంగులో ఏసుకుంటి. ఆయప్ప సూసినాడు. సూసి అటుపక్కకు తిరుక్కున్న్యాడు."

ఆమె ఆ మాటలు నేల వైపు చూస్తూ చెప్పింది.

"మన పెట్ట పొదుగులో ఉండె. పొద్దు గూకినాక దాని రెక్కల కిందికి తోస్తి. తెల్లారేటప్పటికి తన పిల్లలే అనుకునె. నెలకే మన పిల్లలకు మూడింతలైనాయి. మేత కాడినుంచి లేయవు. ఒకటి కాళ్లు ఇరిగి సచ్చె. ఒకటి తింటా తింటానే వాలిపాయె. ఆరు పాయె అట్ల. తిని తిని సస్తాండాయని తెలిసినాక మిగిలిన దానికి మేత కట్టడి సేస్తి. పొద్దున పిడికెడు రాగులు, సాయంత్రం పిడికెడు. అంతే."

"బతికిందా?"

"రెండేండ్లు. మంచి పుంజాయె. తెల్లంగా, ఇంతెత్తు. మొదట్లో కట్టేసే పెడ్తాంటి, మా అమ్మ కోళ్లల్లో కలవకుండా. దినమంతా ఒక్కటే కూసుంటాది. అదీ పానమే గదా, ఒక తోడు లేకుండా యాల బతకాల అనిపించె. నా సేతుల్తోనే తాడు ఇప్పేస్తి."

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "అది గాదమ్మా. రక్తం కలిసిందా లేదా నాకు తెలుసు, నువ్వు సెప్పాల్సిన పనిలేదు. సీలు పడితే ఆ తప్పు మాసిపోతాదని కాగితం అడిగితి. నేనడిగేది వేరే. ఆ పుంజుకు ఒక్కనాడు గూడా కడుపునిండా పెట్టలే. నా గాజులు సప్పుడైతే సాలు, ఉరుక్కుంటా వస్తాండె. పిడికెడు తిని, నా సెయ్యి పక్క సూస్తా నిలబడతాండె. సచ్చేనాడు గూడా అట్లే సూసె. సదువుకున్న్యావు గదా, సెప్పు. నేను సేసింది పాపమా?"

ఐదేళ్లుగా ఆమె గుండెలో ఉన్నది వంశం కాదని, ఈ ప్రశ్న అని నాకు అప్పటికి అర్థమైంది.

నాకు తెలిసింది చెప్పాను. ఫారం పిల్లలకు తల్లులుగా, తండ్రులుగా ఉంచే కోళ్లకు పెద్ద పెద్ద ఫారాల్లో కూడా కొలిచి, తక్కువగానే మేత పెడతారని. కడుపునిండా పెడితే అవి గుడ్డు పెట్టే వయసు దాకా బతకవని. "నువ్వు చేసిందే వాళ్లూ చేస్తారు పెద్దమ్మా. నీకు ఎవరూ చెప్పలేదు, నువ్వే కనుక్కున్నావు."

"అంత సదువుకున్నోళ్లు గూడా పిడికెడేనా?"

"అంతే."

పెద్దమ్మ చేటలోని రాగులు వేళ్లతో కదిపింది. "అయితే ఆ జాతికి ఆకలి తీరే దావే లేదా?"

నా పరిశోధన పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. ఎదుగుదల, తిండి యావ, కొవ్వు ఒకదానితో ఒకటి ముడిపడి తరాలు దాటుతాయని అందులో పట్టికలతో సహా రాశాను. తిండి యావ అని రాసేటప్పుడు నాకు కనిపించినవి అంకెలే. గాజుల చప్పుడుకు పరుగెత్తుకు వచ్చే పుంజు ఒకటి ఉంటుందని నాకు తోచలేదు. ఆ వాకిట్లో కూర్చుని సిగ్గుపడ్డాను.

"నీ కోళ్లను నాటుకోళ్ల లెక్కలో రాయలేను పెద్దమ్మా" అన్నాను చివరికి.

"రాయొద్దు. అబద్ధం రాస్తే నీ సదువు చెడతాది." లేచి నిలబడింది. "బండి ఎక్కించుకో నన్ను. నమ్మి గుడ్లు తీసకపోయినోళ్లు ఎనిమిది ఇండ్లోళ్లు ఉండారు. అందరికీ సెప్పాల. రేపటినుంచి ఎవరూ నా వాకిలి తొక్కరు. తొక్కకపోతే మానె."

లోపలికి పోయి ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ముఖం చూస్తే చావుకు పోతున్నట్టే ఉంది. గుడ్లిచ్చే ఆ కాసేపటి కోసమే ఆమె బతుకుతుందని నాకు తెలుసు. దాన్ని తన చేతులతో తానే పోగొట్టుకోవడానికి నా స్కూటర్ ఎక్కింది.

మొదటి ఇల్లు అదే ఊళ్లో, వీధి చివర. గొర్రెలను మేపుకు తోలుకుపోతున్న ఆయన్ను ఆపి, "నేనొక తప్పు సేసినానప్పా" అని మొదలుపెట్టి, గుంత దగ్గరినుంచి చెప్పుకొచ్చింది. ఆయన గొర్రెల వైపు ఒక కన్ను, ఈమె వైపు ఒక కన్ను వేసి విన్నాడు.

"ఆ తెల్లపుంజు సంగతేనా?" అన్నాడు. "దాని కూత మా కొట్టం కాడికి వినపడతాండె గదమ్మా." అని గొర్రెల వెనక పోయాడు.

పెద్దమ్మ నా ముఖం చూసింది. నేను బండి స్టార్ట్ చేశాను.

రెండో ఇంట్లో టమాటాలు ఏరుతున్న ఆమె చేతులు ఆపకుండానే అంది: "మా యింట్లో రెండు తెల్లపిల్లలు వచ్చె. ఆ పొద్దే అనుకుంటిమి." మూడో ఇంట్లో, "బిరీన తూకమొస్తాండాయి, మాకేం నష్టం?" అన్నారు. నాలుగో ఇంట్లో ముసలాయన, చేనికి పోతూ పెద్దమ్మ ఇంటి గోడ మీదుగా తాడు కట్టిన పుంజును రోజూ చూసేవాడినని, దానికి ఒకసారి జొన్నలు కూడా విసిరానని చెప్పాడు. "నువ్వు పెట్టింది సాలక సూస్తాండె, పాపం" అన్నాడు. ఆ మాటకు పెద్దమ్మ ముఖం ఒక్కసారిగా మారింది. "తిన్న్యాదా?" అని అడిగింది. "ఒక్క గింజ ఇడవలే" అన్నాడాయన. ఆమె ఆయన చేతుల వైపే చూసింది, ఆ జొన్నలు ఇంకా అందులో ఉన్నట్టు.

నాకు మాత్రం నవ్వాగలేదు. రెండేళ్లు తిరిగి, రక్తం తీసి, యంత్రాల్లో పెట్టి, కొండను తవ్వి నేను పట్టిన ఎలుక ఊరందరికీ ముందే తెలుసు. నవ్వినందుకు వీపు మీద ఒకటి పడింది.

ఆఖరి ఇల్లు కురబలకోటలో. చిల్లర అంగడి పెట్టుకున్న ఆమె. అప్పటికి పెద్దమ్మకు కోపం వచ్చేసి ఉంది. బండి దిగుతూనే అడిగింది: "నీకు గూడా తెలుసా?"

"తెల్లపుంజు సంగతా? తెలుసు పెద్దమ్మా."

"తెలిసీ మల్లా యాల వస్తివి గుడ్లకు? పోయిన యేడు గూడా వస్తివే."

అంగడి ఆమె మాకు స్టూళ్లు వేసింది. "నాటుకోడి గుడ్లు యాడైనా దొరకతాయి. ఒక్కో గుడ్డును ఎండలో ఎత్తి సూసి, 'తల్లీ పిల్లా సల్లంగా ఉండాల' అని కొంగులో పోసేవాళ్లు ఎవరుండారు మాకు? నువ్విచ్చినావని తీసకపోతిమి."

"మరి నన్ను ఒక్కరన్నా అడగలేదే, ఇన్నేండ్లూ?"

"నువ్వు దాసిపెట్టుకునిందాన్ని మేము యాల తియ్యాల?" అంది ఆమె, చాలా మామూలుగా. లోపలికి పోయి మాకు మజ్జిగ తెచ్చింది.

తిరుగుదారిలో మదనపల్లె దాటాం. పుంగనూరు దారిలోకి వచ్చాక వెనకనుంచి పెద్దమ్మ, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు అంది:

"నేనొక్కదాన్నే దాస్తాండానని అనుకుంటి గదమ్మా. ఇంతమంది దాసినారా?"

కొంతసేపటికి నా వీపుకు తల ఆనించి, చీర అంచు ముఖానికి ఒత్తుకుని ఆమె ఏడుస్తోందని తెలిసింది. సోమల వచ్చేదాకా నేను బండి ఆపలేదు.